ధ్రువపు గుడ్డులో గమాక్సిన్!

మీకు తెలుసా? ఉత్తర ధ్రువానికి దాపులో మన దేశానికి ఓ ఇల్లుంది! పేరు హిమాద్రి. నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో, నీ-ఓలెసుండ్ అనే బుల్లి ఊళ్ళో, 2008 జులై 1న దాని గృహప్రవేశం జరిగింది. ఢిల్లీలోని మా జనక్‌పురి నుంచి గాల్లో కొలిస్తే ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణుంచి ధ్రువం ఎంత దూరమంటారా? విమానం లెక్కన ఢిల్లీ నుంచి హైదరాబాద్ ఎంతో, దాదాపు అంతే!

అంతకు ముందు ఏడాది, 2007లో, మన దేశం తరఫున ఆర్కిటిక్ వెళ్ళిన తొలి జట్టులో ఎంతమందో తెలుసా? అయిదుగురంటే అయిదుగురే. అందులో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త ఒకరు. బిర్యానీ ఊరి నుంచి మంచు ఊరికి!

మీకు తెలుసా? హిమాద్రి చుట్టుపక్కల కొండ చరియల మీద గూళ్ళు కట్టుకునే కిట్టివేక్ అనే సముద్రపు పక్షి నెత్తుటిలో డీడీటీ ఉంది. పీసీబీ ఉంది. క్లోర్డేన్ ఉంది. ఆ చుట్టుపట్ల పొలం లేదు, పత్తి లేదు, పురుగుమందు కొట్టు లేదు. మరి ఎవరిచ్చారమ్మా ఈ మందు?

ఆ జవాబులో మనమూ ఉన్నాం. పట్టు వదలకుండా చదవండి!

మీకు తెలుసా? డీడీటీని 1874లోనే తయారు చేసిపెట్టారు. చేసినవాడు ఓట్మార్ జైడ్లర్. అది పురుగుల్ని చంపుతుందని ఆయనకు తెలీనే తెలీదు! ఆ సంగతి 1939లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనిపెట్టాడు. 1948లో నోబెల్ పట్టుకెళ్ళాడు. 65 ఏళ్ళు ఊరికే పడి ఉన్న పొడికి నోబెల్!

ఇక ఢిల్లీవాళ్ళకి ప్రశ్న. మన దేశంలో డీడీటీ తయారీకి ప్రభుత్వం పెట్టిన మొదటి ఫ్యాక్టరీ ఏ ఊళ్ళో? ఆలోచించండి... ఇంకొంచెం... మన ఢిల్లీలోనే! 1954లో హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థ పుట్టింది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెయ్యి వేశాయి. ఆ తర్వాతే కేరళలో ఉద్యోగమండల్, మహారాష్ట్రలో రసాయని. రాజధానికి పార్లమెంటే కాదు, డీడీటీ పుట్టిల్లు అన్న పేరూ ఉంది!

అయితే డీడీటీని తిట్టి వదిలెయ్యకండి. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది పోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టాక, 1960ల మధ్యకి ఆ కేసులు లక్ష చిల్లరకి పడిపోయాయి. ఏడున్నర కోట్లు ఎక్కడ, లక్ష ఎక్కడ! ఎందరి తాతలో, ఎందరి అమ్మమ్మలో ఆ తెల్ల పొడి పుణ్యాన బతికారు. ఈ మాట చెప్పకుండా మిగతాది చెప్పడం అన్యాయం.

మరి ఆ పొడి గోడ మీదే ఆగిందా? 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఓ పరిశోధన అచ్చయింది. మన దేశంలో మనుషుల ఒంటి కొవ్వులో ఎంత డీడీటీ ఉందో కొలిచారు. ఢిల్లీవాళ్ళ కొవ్వులో తేలిన మోతాదు, అప్పటికి మామూలు జనంలో ప్రపంచమంతటా నమోదైన వాటిలో చాలా పెద్దది! దోమకి కొట్టిన మందు మనిషి నడుం చుట్టూ చేరి కూర్చుంది. బాబోయ్!

సరిగ్గా మరుసటి ఏడు, 1966లో, ఇంకో బాంబు. అంటార్కిటికాలో అడేలీ పెంగ్విన్ల ఒంట్లో డీడీటీ దొరికింది! పెంగ్విన్‌కి మలేరియా వచ్చిందా? దాని ఇంటికెవరైనా మందు కొట్టారా?

మీకు తెలుసా? మన పల్లెల్లో ‘గమాక్సిన్ పొడి’ అని పిలిచి, చీమలకీ నల్లులకీ పంటలకీ చల్లిన మందు ఉందే, దాన్ని మొట్టమొదట తయారు చేసింది ఎవరో చెప్పండి. కరెంటు పాఠంలో మనందరం చదువుకున్న మైకేల్ ఫారడే! ఏడాది 1825. ఆయనకీ దాని సంగతి తెలీదు పాపం. డైనమో మహానుభావుడి ఖాతాలో గమాక్సిన్ కూడా!

దీని అసలు పేరు హెచ్‌సీహెచ్. బీహెచ్‌సీ అన్నా ఇదే. ప్రపంచం మొత్తం మీద వాడిన ముడి హెచ్‌సీహెచ్ దాదాపు కోటి టన్నులని అంచనా. చైనా మొదటి స్థానం, మనం రెండో స్థానం! మనదే పది లక్షల టన్నుల పైన. 1997లో మన దేశం దాన్ని నిషేధించింది. ఇలాంటి పోటీలో వెండి పతకం ఎవరిక్కావాలి చెప్పండి!

మీకు తెలుసా? ఈ మందులకి రెక్కల్లేకపోయినా ఎగురుతాయి! ఎండ దేశంలో నేల మీద నుంచి ఆవిరై లేస్తాయి. గాలి ఎక్కుతాయి. కాస్త చలి తగిలితే కిందికి దిగుతాయి. మళ్ళీ ఎండ కాస్తే మళ్ళీ లేస్తాయి. మన పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గడి గడికీ గెంతుకుంటూ ఉత్తరానికి పోతాయి. చివరి గడి ఆర్కిటిక్. అక్కడ ఎంత చలంటే, మళ్ళీ లేవలేక ఉండిపోతాయి! ఈ గెంతులాటని 1993లో ఫ్రాంక్ వానియా, డొనాల్డ్ మెకే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కలతో సహా విడమరిచారు. టిక్కెట్టు లేదు, పాస్‌పోర్టు లేదు, వీసా అసలే లేదు!

ఆ గాలిని పట్టి కొలిచే చోటు ఒకటుంది. మన హిమాద్రి ఉన్న నీ-ఓలెసుండ్ పక్కనే, కొండ మీద, జెప్పెలిన్ అనే అబ్జర్వేటరీ. 1990ల తొలి రోజుల నుంచీ నార్వేవాళ్ళు అక్కడి గాలిలో ఈ విషాలెంత ఉన్నాయో లెక్క రాస్తూనే ఉన్నారు. అక్కడి గాలికి కూడా హాజరు పట్టీ ఉంది!

నీళ్ళలో చిటికెడు, పిట్టలో గుప్పెడు ఎలా అవుతుందో తెలుసా? అమెరికాలో క్లియర్ లేక్ అనే చెరువుంది. దోమలాంటి ఈగల్ని చంపడానికి 1949 నుంచి అందులో డీడీటీకి చెల్లెలైన డీడీడీ కలిపారు. నీటిలో దాని మోతాదు 10 లక్షల పాళ్ళలో 0.02 పాలు. ఆ చెరువు చేపలు తిని చచ్చిన గ్రీబ్ పక్షుల కొవ్వులో ఎంత? 1,600 పాళ్ళు. అంటే 80,000 రెట్లు! ఒక్క చెరువులోనే ఇంత పెరిగితే, సముద్రమంత కంచంలో తినే పిట్టల మాటేంటి?

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన గుడ్ల కథ. కెనడా ఉత్తరాన నునావుట్‌లో ప్రిన్స్ లియొపోల్డ్ అని ఓ దీవి. నిట్టనిలువు రాతి చరియలు. వాటి అంచుల మీద గిలిమాట్ పక్షులు వేలకు వేలు భుజం భుజం రాసుకుంటూ నిలబడతాయి. గూడు కట్టవు. పుల్ల కూడా పెట్టవు. వట్టి రాతి మీదే ఒక్క గుడ్డు పెడతాయి. నీలి ఆకుపచ్చ పెంకు, దాని మీద నల్లటి గీతలూ చుక్కలూ, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఈ పక్షి ఆహారం కోసం సముద్రంలో 100 మీటర్ల లోతు దాటి మునుగుతుంది. ఒంటి బరువేమో కిలో అటూ ఇటూ!

ఆ గుడ్లని 1975 నుంచీ శాస్త్రవేత్తలు ఏరి దాస్తున్నారని మీకు తెలుసా? గిలిమాట్‌వి, ఫుల్మార్‌వి, కిట్టివేక్‌వి. కొన్నిటిని అప్పుడే పరీక్షించి, కొంత భాగం ఒట్టావాలోని ఫ్రీజర్లలో గడ్డకట్టించి పెట్టారు. ఎందుకంటే, రేపు ఎవరైనా కొత్త విషం పేరు చెబితే, పాత గుడ్డు బయటికి తీసి ‘ఇది అప్పుడు కూడా ఉందా?’ అని అడగొచ్చు. ఇందిరమ్మ ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది గుడ్డు ఇంకా సాక్ష్యం చెబుతోంది!

ఆ గుడ్లు ఏం చెప్పాయి? మంచి కబురు ముందు. 1975 నుంచి డీడీటీ తగ్గింది. పీసీబీ తగ్గింది. దేశాలు ఒక్కొక్కటే ఆ మందుల్ని మూలన పెట్టిన కొద్దీ, ఏ ఉత్తర్వూ చదవని పక్షి గుడ్డులో అవి పలచబడుతూ వచ్చాయి. ఎక్కడో సంతకం పెడితే ఎక్కడో గుడ్డు శుభ్రపడిందంటే, నాకు ఒళ్ళు పులకరిస్తుంది!

ఇక రెండో కబురు. అదే గిలిమాట్ గుడ్లలో, 1975 నుంచి 2003 దాకా, ఒకటి మాత్రం పెరిగింది. బీటా హెచ్‌సీహెచ్! అవును, మన గమాక్సిన్ కుటుంబంలో అందరికంటే మొండి ఘటం. అది గాలిలో కంటే నీటిలో ఎక్కువ ప్రయాణిస్తుంది కాబట్టి ఆలస్యంగా చేరింది. నల్లుల మందు నింపాదిగా సముద్రాలు దాటి గుడ్డులోకి వెళ్ళింది! అది మనం చల్లినదే అని ఏ అణువు మీదా రాసి ఉండదు. కానీ పది లక్షల టన్నులు చల్లిన ఇల్లు మనది.

మీకు తెలుసా? డీడీటీ చేసే అతి పెద్ద దుర్మార్గం పక్షిని చంపడం కాదు. గుడ్డు పెంకుని పలచన చెయ్యడం! తల్లి పొదగడానికి కూర్చోగానే పెంకు పటుక్కుమంటుంది. 1967లో ఇంగ్లండ్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ దీన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడు? గుడ్లు దాచుకునే పిచ్చి ఉన్నవాళ్ళ పెట్టెలు తెరిపించి! పాత కాలపు బైరి డేగ గుడ్ల పెంకులు తూచాడు, కొత్తవి తూచాడు. 1947 ప్రాంతంలో ఉన్నట్టుండి పెంకులు పలచబడ్డాయి. డీడీటీ బజార్లోకి వచ్చిన రోజులవి. పిట్టల గుడ్లు ఎత్తుకెళ్ళిన హాబీ, పిట్టల జాతినే కాపాడింది!

ఈ పలచని పెంకుల దెబ్బ ఎంతంటే, 1970లో కాలిఫోర్నియా దగ్గర అనకాపా దీవిలో గోధుమ రంగు పెలికాన్లు గూళ్ళలో చేసిన ప్రయత్నాలు 552. బతికిన పిల్లలు? ఒక్కటి. వట్టి ఒక్కటి!

ఆ బైరి డేగల్లో ఆర్కిటిక్‌లో పుట్టే జాతి చలికాలం ఎక్కడ గడుపుతుందో తెలుసా? మన దేశంలో! సైబీరియా టండ్రా నుంచి దిగి, మన చెరువుల మీదా తీరాల మీదా బాతుల్ని తరుముతుంది. టైమిర్ ద్వీపకల్పం దాకా గూళ్ళు పెట్టే వంపు ముక్కు ఉల్లంకి పిట్టలు పులికాట్ సరస్సుకి వస్తాయి. రఫ్ పిట్టలు మా పడమటి ఢిల్లీ పక్కనున్న నజఫ్‌గఢ్ జీల్‌లో దిగుతాయి. మనం మందు పంపిస్తాం, వాళ్ళు చుట్టాల్ని పంపిస్తారు. బాకీ ఎవరిది?

అలా వచ్చే చుట్టాలకి మనం ఏం పెట్టామో కూడా కొలిచారు. 1990ల్లో దక్షిణ భారతంలో పట్టిన స్థానిక పక్షుల్నీ వలస పక్షుల్నీ జపాన్‌లోని ఎహిమే విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. షిన్‌సుకే తనాబే బృందం 1998లో ఆ లెక్కలు అచ్చు వేసింది. మిగతా దేశాల పక్షులతో పోలిస్తే, మన స్థానిక పక్షుల ఒంట్లోనే హెచ్‌సీహెచ్ అత్యధికం! ప్రపంచ రికార్డు. తలుచుకుంటే గుండె బరువెక్కే రికార్డు.

పక్షులు ఎంతెత్తున వస్తాయో తెలుసా? జనక్‌పురిలో ఆంధ్రా స్కూలు మీదా, మెట్రో స్తంభాల మీదా, మన వాటర్ ట్యాంకుల మీదా చక్కర్లు కొట్టే గద్దల్ని చూశారుగా. చలికాలంలో వాటిలో కొన్ని పరదేశీలు. దక్షిణ సైబీరియా, మంగోలియా, కజఖ్‌స్తాన్ వైపు నుంచి హిమాలయాలు దాటి, కె2 శిఖరం పరిసరాల మీదుగా, 6,000 మీటర్ల ఎత్తున ఎగిరి వస్తాయి. ఉపగ్రహ ట్యాగులు కట్టి మరీ ఈ సంగతి తేల్చారు. ఇంత కష్టపడి వచ్చేది ఢిల్లీ చెత్త కుప్పల కోసం!

ఆర్కిటిక్ టెర్న్ అనే పిట్ట బరువు 100 గ్రాములు. ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు ఎగురుతుంది. రెండు ధ్రువాలూ దానికి ఇళ్ళే. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లే సుమా!

ఇది చదివాక పక్షుల్ని చూసే చూపే మారిపోతుంది. కెనడా ఉత్తరాన డెవన్ దీవిలో కేప్ వెరా అనే చోట ఫుల్మార్ పక్షుల పెద్ద కాలనీ ఉంది. కొండ అంచుల మీద అవి, కింద చిన్న చిన్న మడుగులు. ఫుల్మార్లు సముద్రంలో తింటాయి, కొండ మీద కూర్చుంటాయి, మడుగుల్లోకి రెట్టలు వేస్తాయి. కెనడా శాస్త్రవేత్త జూల్స్ బ్లే బృందం ఆ మడుగుల అడుగు మట్టి తీసి చూసింది. పక్షులకి దూరంగా ఉన్న మడుగులతో పోలిస్తే పాదరసం 25 రెట్లు. హెక్సాక్లోరోబెంజీన్ 10 రెట్లు. డీడీటీ? 60 రెట్లు! 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది. మన మందు సముద్రంలో కలిసి, చేపలోకెళ్ళి, పిట్టలోకెళ్ళి, రెట్టగా మళ్ళీ నేలకి దిగింది. ఆ రెట్ట ఎరువు వల్ల మడుగుల దగ్గర పచ్చటి నాచు, పురుగులు, వాటికోసం వచ్చే చిన్న పిట్టలు. అంటే ఆ మంచు ఎడారిలో అందరికీ అన్నం పెట్టే చెయ్యే విషం కూడా వడ్డిస్తోంది!

నార్వే బేర్ దీవిలోనూ ఇదే వరస. ఎల్లాస్యోన్ అనే సరస్సు మీద సముద్రపు పక్షులు వాలతాయి, అదే దీవిలోని ఓయాంగెన్ సరస్సు జోలికి పోవు. మొదటి సరస్సు చేపల్లో పీసీబీ ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే దీవి, ఒకే వాన, తేడా అంతా పిట్టలదే!

ఆ దీవిలోనే గ్లాకస్ గల్ అనే పెద్ద సీగల్ ఉంటుంది. ఇతర పక్షుల గుడ్లూ పిల్లలూ దాని పలహారం. అందరి ఒంట్లో పోగైన విషం దీని ఒంట్లో మొత్తంగా చేరుతుంది. 1970ల ఆరంభంలోనే ఆ దీవి నుంచి తెచ్చిన చచ్చిన పక్షుల్లో పీసీబీ, డీడీటీ నుంచి పుట్టే డీడీఈ మోతాదులు చూసి శాస్త్రవేత్తలు అదిరిపడ్డారు. పక్కవాళ్ళ గుడ్డు తింటే పక్కవాళ్ళ పాపమూ చుట్టుకుంది!

మీకు తెలుసా? ఐడర్ బాతు తల్లి దాదాపు 25 రోజులు తిండి మానేసి గుడ్లు పొదుగుతుంది. కటిక ఉపవాసం! ఒంటి కొవ్వు కరిగి కరిగి, బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఆ కొవ్వులో ఇన్నాళ్ళూ నిద్రపోతున్న విషం లేచి నెత్తుటిలోకి వస్తుంది. ఉపవాసం మొదట్లో ఉన్నదానికి చివరికి రెట్టింపు దాటిందని కొలిచారు. తల్లి ఎంత బలహీనపడితే విషం అంత బలపడుతుందన్నమాట. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా!

ఇప్పుడు ఓ డిటెక్టివ్ కథ. 1960ల్లో స్వీడన్‌లో సోరెన్ యెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త చచ్చిన గద్దల్లో డీడీటీ కోసం వెతుకుతున్నాడు. యంత్రం డీడీటీ గీతలతో పాటు ఏవో ముక్కూ మొహం తెలీని గీతలు గీస్తోంది. ఎవరు వీళ్ళు? పాత మ్యూజియంకి పరిగెత్తి 1940ల నాటి గద్ద ఈకలు తెచ్చి చూశాడు. అక్కడా అవే! డీడీటీ ఇంకా స్వీడన్‌లో అడుగు పెట్టని రోజులవి. కాబట్టి ఇది వేరే దొంగ. రెండేళ్ళు తల బద్దలు కొట్టుకుని పట్టేశాడు: పీసీబీ! ట్రాన్స్‌ఫార్మర్ల నూనె! తర్వాత ఇంట్లోవాళ్ళ జుట్టు పరీక్షించాడు. తన జుట్టులో ఉంది. భార్య జుట్టులో ఉంది. చివరికి పసిబిడ్డ జుట్టులోనూ ఉంది! 1966లో ఈ సంగతి బయటపెట్టాడు. దొంగ కోసం అడవంతా గాలించి ఇంటికొస్తే, వాడు ఉయ్యాల్లో ఉన్నాడు.

పీసీబీ కుటుంబంలో ఎంతమందో తెలుసా? 209! అన్నదమ్ములందరూ మొండివాళ్ళే. 1929లో వ్యాపారం మొదలైంది. ప్రపంచం మొత్తం తయారు చేసింది 13 లక్షల టన్నులని అంచనా. మన దేశం 2016లో ఉత్తర్వు ఇచ్చి, 2025 డిసెంబర్ 31 లోపు వీటి వాడకం పూర్తిగా ఆపాలని గడువు పెట్టింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కీ ధ్రువపు గద్దకీ చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు!

1980ల్లో కెనడా వైద్యుడు ఎరిక్ డెవాయీకి కాలుష్యమే అంటని తల్లుల పాలు కావాల్సి వచ్చాయి, పోల్చి చూడటానికి. ఎక్కడ దొరుకుతాయి? ఉత్తరాన మంచులో బతికే ఇన్యుయిట్ తల్లుల దగ్గర, ఇంకెక్కడ! తెప్పించాడు. పరీక్షించాడు. క్యుబెక్ దక్షిణాది తల్లుల పాల కంటే పీసీబీ 5 రెట్లు ఎక్కువ! వాళ్ళు సీల్ కొవ్వు, తిమింగలం, సముద్రపు పక్షులూ గుడ్లూ తిని బతికేవాళ్ళు మరి. ‘శుభ్రమైన’ పాలు అని తెచ్చుకున్నవే అందరికంటే విషం!

ఆ తల్లుల గోడు ఒక బొమ్మ వినిపించింది. 1999లో నైరోబీలో దేశాలన్నీ ఈ రసాయనాల మీద ఒప్పందం కోసం కూర్చున్నప్పుడు, ఇన్యుయిట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే తల్లీబిడ్డల శిల్పాన్ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అధిపతి చేతికిచ్చింది. ఆ బొమ్మ చర్చల బల్ల మీదికి చేరింది. ఎదురుగా తల్లీబిడ్డా కూర్చుని చూస్తుంటే ‘మా దేశానికి కుదరదండీ’ అనడానికి నోరు రావాలి కదా! 2001 మే 22న స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది. ఆర్కిటిక్ పేరు ఆ ఒప్పందం పీఠికలోనే ఉంది. మన దేశం 2006 జనవరిలో చేరింది.

మొదటి జాబితాలో 12 రసాయనాలు. వాటిలో ఒక పేరు తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎండ్రిన్! పాత సినిమాల్లో, పల్లెల్లో ఆ మాట వింటే గుండె గుభేలుమనేది. మన దేశం 1990లో దాన్ని నిషేధించింది. దాని తోబుట్టువు ఆల్డ్రిన్. ఢిల్లీకి నాలుగైదు గంటల దారిలో ఉన్న భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కు దగ్గర, 1980ల చివర, ఆల్డ్రిన్ పట్టించిన విత్తనాలు తిని సారస్ కొంగలు నేలకొరిగాయి. మనిషంత ఎత్తు కొంగని గోధుమ గింజ పడగొట్టింది!

మీకు తెలుసా? ఐవరీ గల్ అని పాలలాంటి తెల్ల పక్షి ఒకటుంది. 1877 నుంచి 2007 దాకా మ్యూజియంలలో దాచిన దాని ఈకల్ని పరీక్షిస్తే, 130 ఏళ్ళలో మిథైల్ పాదరసం 45 రెట్లు పెరిగింది! పక్షి మాత్రం అప్పుడూ తెలుపే, ఇప్పుడూ తెలుపే.

ఇక వంటింట్లోకి రండి. అట్టు అంటుకోని నాన్‌స్టిక్ పెనం పూత 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ చేతిలో అనుకోకుండా పుట్టింది. ఆ పూత తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం 2019లో స్టాక్‌హోమ్ జాబితాకెక్కింది. దాని బంధువు పీఎఫ్‌ఓఎస్, 2009లోనే. ఈ పీఫాస్ వంశంలో 4,700 పైగా సభ్యుల్ని లెక్కపెట్టారు. పెళ్ళికి పిలిస్తే కల్యాణమండపం చాలదు!

పీఎఫ్‌ఓఎస్ ప్రపంచమంతా ఉందని 2001లో చాటినవాళ్ళలో ఒకరు మన పక్క రాష్ట్రం తమిళనాడు నుంచి వెళ్ళిన కురుంతాచలం కన్నన్. జాన్ గీసీ అనే శాస్త్రవేత్తతో కలిసి ధ్రువపు ఎలుగుబంట్లు, గద్దలు, నడి సముద్రపు ఆల్బట్రాస్‌లు, అన్నిటి నమూనాలూ చూశారు. దాదాపు ఎక్కడ చూస్తే అక్కడ దొరికింది! డీడీటీ కొవ్వులో దాక్కుంటే ఇది ప్రోటీన్లకి అతుక్కుంటుంది. పెనానికి అట్టు అంటనివ్వదు గానీ నెత్తురుకి తను అంటుకుంటుంది!

ఫుల్మార్ పక్షిని విసిగిస్తే ఏం చేస్తుందో తెలుసా? కడుపులోంచి కంపు నూనె మొహాన ఊస్తుంది! ఆ కడుపులో ఇంకేముంది? నార్త్ సీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఫుల్మార్లలో 95 శాతం పొట్టల్లో ప్లాస్టిక్! ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కకుండా కలిపే యూవీ-328 అనే మందు సముద్రపు పక్షుల తోక దగ్గరి నూనె గ్రంథిలో దొరికింది. 2023లో అదీ జాబితాకెక్కింది. ఈకలు దువ్వుకునే నూనెలో ప్లాస్టిక్ కుర్చీల మందు!

కిట్టివేక్ దగ్గరికి మళ్ళీ వెళ్దాం. స్వాల్‌బార్డ్‌లో వాటి కాళ్ళకి కడియాలు తొడిగి, నెత్తురు తీసి, మరుసటి ఏళ్ళలో ఎవరు తిరిగొచ్చారో లెక్క పెట్టారు. నెత్తుటిలో క్లోర్డేన్ జాతి విషం ఎక్కువున్న ఆడ పక్షులు తక్కువగా తిరిగొచ్చాయి. క్లోర్డేన్ అంటే ఏ మందో తెలుసా? చెదల మందు! ధ్రువంలో చెద పురుగు ఎక్కడిది చెప్పండి!

చెదలంటే గుర్తొచ్చింది. ఆఖరి ప్రశ్న, జనక్‌పురిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకీ, ఆంధ్రా తెలంగాణల్లో పత్తీ వరీ వేసినవాళ్ళకీ. ఇంటి పునాదుల్లో పోసే, చేలో పిచికారీ చేసే క్లోరోపైరిఫాస్ డబ్బా మీకు బాగా తెలుసు కదా? ఆర్కిటిక్ గాలిలో, సముద్రపు నీటిలో, మంచు పొరల్లో దాని ఆనవాళ్ళు దొరికాయి. 2025లో జెనీవాలో జరిగిన స్టాక్‌హోమ్ ఒప్పందం సభ, కొన్ని మినహాయింపులతో, దాన్నీ జాబితాలో చేర్చింది. అదే సభలో పీఫాస్ వంశంలో పొడుగు గొలుసు ఆమ్లాలు కొన్నిటికీ ఆ గతే పట్టింది. ఈసారి చెదల మందు కొట్టేవాళ్ళు వస్తే డబ్బా ఇటు తిప్పి పేరు చదవండి. ఆ పేరే ఉంటే, ‘ఇది స్టాక్‌హోమ్ జాబితాకెక్కింది, మీకు తెలుసా?’ అని ఈసారి మీరే అడగండి!